మిట్టు చెవులు కుట్టేదెవరు?

"ఆ తీగ దేంతోని కడిగినవ్ సిద్దయ్యా?" అని అడిగింది విజయమ్మ.

కంసాలి సిద్దయ్య చేతిలోని బంగారు తీగ గాల్లోనే ఆగిపోయింది. తల్లి మౌనశ్రీ ఒళ్లో కూర్చున్న పదకొండు నెలల మిట్టు మాత్రం ఏ బాధా లేకుండా బిస్కెట్ చప్పరిస్తోంది.

"వేడినీళ్లతోని, అమ్మా. మా నాయినప్పటి నుంచి గంతే."

"నీళ్లతోని కడిగితె అయిపాయెనా? మాకొద్దు. లే బిడ్డా, పోదాం."

సిద్దయ్య ముఖం చిన్నబోయింది. మౌనశ్రీ సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది. అయినా లేచింది, లేవక ఏం చేస్తుంది? భర్త అఖిలేష్ బ్యాంకు ఉద్యోగం కోసం సిద్దిపేట నుంచి బీదర్ వచ్చి ఏడాది కూడా కాలేదు. చిద్రిలో వాళ్లు అద్దెకుంటున్న ఇల్లు విజయమ్మది. ఆవిడ భర్తకు గాంధీ గంజ్‌లో కందిపప్పు హోల్‌సేల్ దుకాణం. కొత్త ఊళ్లో ఎవరూ తెలియక, "పెద్దమ్మా, పాపకు చెవులు ఎక్కడ కుట్టిస్తె మంచిది?" అని మౌనశ్రీ ఒక్క మాట అడిగింది. ఇక అంతే! అన్ని పనులూ పక్కన పెట్టి విజయమ్మ ముందు నడిచింది.

"పుట్టినరోజుకు మా అమ్మ వస్తది పెద్దమ్మా. అప్పటికి చెవులు బోసిగ ఉండొద్దన్నది," అంది మౌనశ్రీ ఆటోలో దిగులుగా.

"అమ్మ నాలుగు మాటలంటె పడొచ్చు. చెవు పాడైతె ఎట్ల పడ్తవ్? మా తల్లిగారూరు హుమ్నాబాద్‌ల ఒక పిల్లకు గిట్లనే కుట్టిండ్రు. చీము పట్టి నెలలకు నెలలు ఏడ్సింది."

మౌనశ్రీ మిట్టును గట్టిగా హత్తుకుంది. ఆమె భయం కూడా సరిగ్గా అదే. "అయ్యో, మరి ఆ పిల్ల ఏమైంది?"

"ఏమైతది? పెద్దదైంది, పెండ్లయింది. అగో, దుకాణం వచ్చె, దిగు."

అది బజారులోని పెద్ద నగల దుకాణం. అక్కడి అమ్మాయి చిన్న మిషన్ పట్టుకుని నవ్వుతూ వచ్చింది. "ఒక్క క్లిక్ ఆంటీ. పాపకు తెల్వనే తెల్వది."

"పొద్దుగాల నుంచి ఇదే మిషన్‌తోని ఎందరికి కొట్టినవ్?"

"శానామందికి ఆంటీ. ప్రతిసారి స్పిరిట్‌తోని తుడుస్తం."

"పైన తుడుస్తవ్ సరే. లోపట ఎట్ల తుడుస్తవ్?"

అమ్మాయి మిషన్‌ను తిప్పి తిప్పి చూసింది. పాపం, ఆ ప్రశ్న ఇంతవరకు ఎవరూ అడిగి ఉండరు.

చెవులు కుట్టించకుండానే బయటపడ్డారు. అయితే విజయమ్మ వట్టి చేతులతో రాలేదు. మిట్టుకు శనగగింజంత పోగులు కొన్నది. ఎంత వద్దన్నా వినలేదు. వాటితో పాటు ఎర్రరాళ్ల బుట్టకమ్మలు ఒక జత కూడా తీసుకుంది.

"అవెవరికి పెద్దమ్మా?"

"ఉండనీ బిడ్డా. వాటికీ ఒక దినం వస్తది."

మిట్టు పెద్దయ్యే దినం! మౌనశ్రీకి కళ్లు చెమర్చాయి. సొంత మనిషి కూడా ఇంత ముందుచూపుతో కొనదు అనుకుంది. పొద్దున ఆవిడ మీద వచ్చిన విసుగంతా ఎటో పోయింది.

సాయంత్రం సంగతంతా విని అఖిలేష్ పకపకా నవ్వాడు. "నీకు అత్త లేని లోటు ఓనరమ్మ తీరుస్తున్నది."

"నవ్వకు. ఆమె ఎంత పద్ధతి గల మనిషో తెలుసా? ఇంట్ల ఒక్కతే ఉన్నా నెత్తి మీది కొంగు జరగనియ్యది."

"గంజ్ షావుకార్ల ఇండ్లల్ల గంతే మరి. పెద్దింటి మర్యాద."

మర్నాడు చర్మం డాక్టరు క్లినిక్‌కు వెళ్లారు. బయట బోర్డంతా కన్నడంలో ఉంది. మౌనశ్రీకి ఒక్క ముక్క అర్థం కాలేదు. విజయమ్మ మాత్రం కొంగు చెవుల మీదికి సర్దుకుంటూ పై నుంచి కిందిదాకా చదివింది. మళ్లీ మొదటి నుంచి చదివింది.

"ఏం రాసిన్రు పెద్దమ్మా?"

"ఏమేం చేస్తరో రాసిన్రు. పా లోపలికి."

లోపల డాక్టరమ్మకు పెద్ద పరీక్షే అయింది. సూది కొత్తదేనా? మా కండ్ల ముందు విప్పుతవా? చేతులకు తొడుగులేవి? డాక్టరమ్మ ఓపికగా నవ్వుతూ, "హెదరబేడి అమ్మా, భయపడొద్దు," అని సీలు చేసిన పొట్లం వాళ్ల ముందే చింపింది. మిట్టు చెవుల మీద పెన్నుతో చుక్కలు పెట్టింది. విజయమ్మ ఒంగి, ఎడమ నుంచీ కుడి నుంచీ చూసింది.

"ఇది జర కిందికున్నది. పైకి పెట్టు. కిందికైతె బరువు ఆగది."

డాక్టరమ్మ చుక్క చెరిపి మళ్లీ పెట్టింది.

మిట్టు కెవ్వుమంది. మౌనశ్రీ అంతకంటే గట్టిగా ఏడ్చింది. అంతలోనే అద్దంలో తన చెవుల దగ్గర ఏదో తళతళలాడడం చూసి మిట్టు ఏడుపు మరిచి చెయ్యి చాపింది. ముగ్గురూ నవ్వేశారు. రోజూ శుభ్రంగా కడగాలనీ, పోగులను ఊరికే తిప్పొద్దనీ డాక్టరమ్మ చెప్పింది. మౌనశ్రీకి రెండు రోజులుగా గుండెల మీద ఉన్న బరువు దిగిపోయింది.

"నువ్వు లేకుంటె నేను ఆగమయ్యేదాన్ని పెద్దమ్మా. ఇగ పోదామా?"

విజయమ్మ కుర్చీలోంచి కదల్లేదు. సంచిలోంచి బుట్టకమ్మల డబ్బీ తీసి బల్ల మీద పెట్టింది.

"డాక్టరమ్మా, బయట బోర్డు మీద రాసినయన్నీ చేస్తవా?"

"చేస్తానమ్మా. ఏది కావాలి?"

విజయమ్మ తల మీది కొంగు దించింది. రెండు చెవుల తమ్మెలూ కిందిదాకా చీలి ఉన్నాయి.