యాభై శాతం

“సంతకం పెట్టరా,” అన్నాడు వెంకటకృష్ణారావు మూడోసారి.

జయంత్ పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టేశాడు. విజయవాడలో ఆ ఆస్పత్రి జన్యుపరీక్షల గదిలోకి తండ్రీకొడుకులు వచ్చి అరగంటయింది. ఎదురుగా కౌన్సెలర్ రుచిత తొందరపెట్టకుండా చూస్తోంది.

“ఉందని తేలితే మందుందా నాన్నా?”

“లేదు.”

“మందు లేని జబ్బుకి పరీక్ష కనిపెట్టి, దాన్ని ప్రగతి అంటారు! జన్యువుల్ని కత్తిరించి సరిచేసే రోజులొస్తాయని క్లాసులో చెప్పేవాడివంటగా. ఏవీ?”

“వస్తాయిరా. అప్పటిదాకా నా కాళ్ళు ఆగేట్టు లేవు, అంతే.”

ముప్పయ్యేళ్ళు జువాలజీ చెప్పిన మనిషి. అయిదేళ్ళ కిందట బోర్డు మీద గీత వంకరపోయినప్పుడు మొదటిసారి అనుమానం వచ్చింది. తర్వాత నడక తూలింది, మాట ముద్దయింది. చిన్నమెదడు కొద్దికొద్దిగా అరిగిపోయే జబ్బు. ఆయన తండ్రికీ అదే. చుక్క ముట్టకుండానే తాగుబోతని పేరు పడి పోయాడు.

రుచిత కాగితం మీద వంశవృక్షం గీసింది. తాతకో నల్ల గడి, తండ్రికో నల్ల గడి. కింద జయంత్‌కి తెల్ల గడి.

“మీది మేనరికమా సార్?”

“కాదమ్మా. మా ఆవిడది చల్లపల్లి, బయటి సంబంధమే. పోయి ఏడేళ్ళయింది.”

“అబ్బాయి పుట్టినప్పుడు ఇబ్బందులేమైనా?”

“పురుడు పుట్టింట్లోనే కదా. మూడో నెలలో వెళ్ళి ఇద్దర్నీ కంకిపాడు తెచ్చుకున్నా. అప్పటికే బొద్దుగా ఉన్నాడు వీడు.”

రుచిత నవ్వుతూ రాసుకుంది. “తండ్రికి ఉంటే బిడ్డకి వచ్చే అవకాశం యాభై శాతం.”

“వీడికి రాదమ్మా.”

ఆమె పెన్ను ఆగింది. “సార్, ఈ లెక్క నాకంటే మీకే బాగా తెలుసు. అబ్బాయికి అలా భరోసా ఇవ్వకండి. రేపు తేడా వస్తే తట్టుకోలేడు.”

వెంకటకృష్ణారావు తల దించుకున్నాడు.

“నాలుగు నెలల్నుంచీ ఇదే వరస మేడం,” అన్నాడు జయంత్. “కనకదుర్గమ్మ కల్లోకొచ్చి చెప్పినట్టు మాట్లాడతాడు. ఈయన ధైర్యం ఈయనది. పెళ్ళి చేసుకుని, రేపు ఆ రాజ్యశ్రీ చేత నా మూతి తుడిపించుకోనా?”

అన్నాక నాలిక కరుచుకున్నాడు. రోజూ తండ్రి మూతి తుడిచేది తనే.

సంతకం పెట్టకుండానే లేచాడు. తండ్రిని కార్లో కూర్చోబెట్టి బందరు రోడ్డెక్కాడు.

కంకిపాడులో ఇంటి గేటు దగ్గర రాజ్యశ్రీ నిలబడి ఉంది. జయంత్ ఆఫీసులోనే పనిచేస్తుంది. పెళ్ళి వద్దని అతను చెప్పిన రోజునుంచి వారానికి రెండుసార్లు వచ్చి పోట్లాడి వెళ్తోంది.

“నాకు సగం అవకాశం చాలు మావయ్యగారూ,” అంది. “మొగుడు మంచివాడయ్యే అవకాశం కూడా అంతకంటే ఎక్కువుండదు.”

వెంకటకృష్ణారావుకి నవ్వొచ్చింది. జయంత్‌కి రాలేదు.

“రాజీ, నువ్వు ఇంక రాకు. నేనీ పరీక్ష చేయించుకోను. చేయించుకోకుండా పెళ్ళీ చేసుకోను. ఇదే ఆఖరు.”

రాజ్యశ్రీ బ్యాగు భుజానికి తగిలించుకుంది.

వెంకటకృష్ణారావు నోటిదాకా ఓ మాట వచ్చింది. పోయేముందు భార్య శివపార్వతి ఆయన చేత ఒట్టు వేయించుకుంది, వాడి మనసు విరిగే మాట ఎన్నడూ అననని. మాట మింగేశాడు. గోడ పట్టుకుని రెండడుగులు వేశాడు. మోకాళ్ళు ఎప్పుడూ వణుకుతూనే ఉంటాయి, వంగడం కష్టం కాలేదు. రెండు చేతులూ కొడుకు పాదాల వైపు చాచాడు.

జయంత్ అదిరిపోయి పట్టుకున్నాడు. “ఏంటి నాన్నా ఇది! పెద్దవాడివి నువ్వు నా కాళ్ళు పట్టుకుంటే నాకు ఆయుక్షీణం!”

“అయితే సంతకం పెట్టు.”

“పెడతాను. లే ముందు. పెడతానన్నాగా!”

మర్నాడే రక్తం ఇచ్చాడు. ఇరవై నాలుగు రోజులకు ఫలితం వస్తే, రాజ్యశ్రీతో కలిసి ముగ్గురూ ఆస్పత్రికి వెళ్ళారు. రుచిత కవరు తెరిచి, చదివి, మొహమంతా నవ్వుతో తలెత్తింది.

“లేదు. మీకు లేదు జయంత్ గారూ. రాదు కూడా.”

రాజ్యశ్రీ ఏడుస్తూనే అతని వీపు మీద ఒక్కటిచ్చింది. “నాలుగు నెలలు, దుర్మార్గుడా!”

జయంత్ వచ్చి తండ్రి కుర్చీ పక్కన నేలమీద కూర్చున్నాడు. “సిగ్గుగా ఉంది నాన్నా. నీ ఒక్కడికే వదిలేసినట్టుంది.”

“ఛ, అవేం మాటలురా. వెళ్ళి మంచి కాఫీ పట్రా.”

జయంత్ జేబురుమాలు తీసి, అలవాటుగా తండ్రి పెదవి చివర తుడిచి వెళ్ళాడు.

“మీ నమ్మకమే గెలిచింది సార్,” అంది రుచిత.

బల్ల మీది రిపోర్టు వైపు ఆయన కృతజ్ఞతగా చూశాడు. అది అడిగినదానికే జవాబిచ్చి, అడగనిది చెప్పకుండా ఊరుకుంది.

వెంకటకృష్ణారావుకీ శివపార్వతికీ పిల్లలు పుట్టలేదు.