రెండో చేతిరాత

తిరిగొచ్చిన పుస్తకాల్లో పెన్సిల్ రాతలు చెరపడం లైబ్రేరియన్ రోజూ చేసే పని. వింత లోకాల కథలున్న చివరి బీరువా జోలికి మాత్రం ఆవిడ రబ్బరు పోదు. ఆ పేజీల అంచుల్లో ఇద్దరు పాఠకులు మూడేళ్లుగా వాదించుకుంటున్నారు. అబద్ధమాడితే వాన పడే ఊరి గురించి ఏడు పేజీలు పోట్లాడుకున్నారు.

ఇవాళ వచ్చిన పుస్తకంలో, చనిపోయినవాళ్లకు ఏడాదికొకరోజు సెలవిచ్చే దేశం కథ. పక్కన గుండ్రటి అక్షరాలు: ‘ఆ ఒక్కరోజూ మనింటికే వస్తారని ఏంటి నమ్మకం?’

కింద వంకర అక్షరాలు: ‘రారని తలుపేసుకుంటామా?’

గుండ్రటి అక్షరాలు, వాచీలు బాగుచేసే పెద్దాయనవని ఆయన సంతకాన్ని బట్టి ఆవిడకి ఎప్పుడో తెలుసు. ఆయన ఎదురుగానే నిలబడ్డాడు. ఆవిడ ఉండబట్టలేక అడిగేసింది.

“ఆ రెండో ఆయన ఎవరండీ?”

“ఎవరోనమ్మా! నేనేమన్నా అడ్డం తిరుగుతాడు, మొండిఘటం. వాడు లేకపోతే నాకు పొద్దుపోదు,” అని నవ్వి, కుడిచేత్తో సంతకం పెట్టి వెళ్లిపోయాడు. ఎడమ అరచేతి అంచున పెన్సిల్ మసి.

ఆవిడ అట్ట లోపలి కార్డు తీసింది. పుస్తకం పట్టుకెళ్లినవాళ్ల సంతకాలు పదకొండు. పదకొండూ ఆయనవే. పక్క పుస్తకం తీసింది. అందులోనూ, ఆ తర్వాతవాటిలోనూ ఆయనే. ఆ బీరువాలో ఇంకెవరూ చెయ్యి పెట్టలేదు.

ఆవిడ రబ్బరు సొరుగులో పడేసి, పెన్సిల్ చెక్కి, ఆ రెండు వరసల కింద రాసింది:

‘మధ్యలో దూరుతున్నాను, ఏమనుకోకండి. మా తలుపు కూడా తీసే ఉంటుంది.’