మూడో ఏడాది సీటు

"ఇంకా ఆ టైర్ల షాపు ఎదురుగా ఉన్న కాలేజీకేనా, అమ్మాయ్?" అంది యులేలియా, ఇంటి ముందు తన కారు కడుగుతూ.

పక్కింటి యెసేనియా పుస్తకాల సంచీ భుజానికి తగిలించుకుని నవ్వింది. "అవును పెద్దమ్మా. ఈ ఏడాదితో అయిపోతుంది."

"అయిపోతే?"

"పెద్ద యూనివర్సిటీకి అప్లై చేశాను. మూడో ఏడాదిలో చేర్చుకుంటారు."

"చేర్చుకుంటారు, చేర్చుకుంటారు," అని యులేలియా నంబర్ ప్లేటు దగ్గర వంగి మళ్లీ గుడ్డ పట్టింది. ప్లేటు చుట్టూ ఉన్న చట్రం మీద ఆ యూనివర్సిటీ పేరు, దాని కింద 'అమ్మ' అని బంగారు రంగు అక్షరాలు. కారు ఒకసారి కడిగితే చట్రం మూడుసార్లు కడుగుతుందావిడ. కారు మీద, కాఫీ కప్పు మీద, కొడుకు స్వెట్టర్ మీద, అన్నిటి మీదా ఆ పేరే.

ఆవిడ కొడుకు ఎఫ్రాయిన్, యెసేనియా ఒకే హైస్కూల్లో చదివారు. రెండేళ్ల కిందట ఎఫ్రాయిన్‌కు సీటొచ్చిందని యులేలియా వీధి వీధంతా కేకు పంచింది. యెసేనియాకు రాలేదు. ఊళ్లోనే ఉన్న రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీలో చేరింది. అక్కడ రెండేళ్లు మంచి మార్కులు తెచ్చుకుంటే పెద్ద యూనివర్సిటీలో మూడో ఏడాదికి మారవచ్చు. మారవచ్చు, అంతే. అడిగేవాళ్లు వేలమంది, సీట్లు గుప్పెడు.

ఆ రెండేళ్లూ యులేలియా నోటికి తాళం పడలేదు.

"పేరుకే కాలేజీ. గేటు ముందు నిలబడ్డ వాళ్లనల్లా లోపలికి లాగేస్తారట!" అనేది ఓ రోజు. "మావాడు పుస్తకాలకి కూడా పైసా అడగడమ్మా. అంతా స్కాలర్‌షిప్పే. పొద్దున ఏడింటికి కారులో వెళ్తే మళ్లీ చీకటి పడ్డాకే," అనేది ఇంకో రోజు.

యెసేనియా తల్లి గ్రసియేలా నారింజల షెడ్డులో కాయలు ఏరుతుంది. రోజంతా నిలబడి కాళ్లు పీక్కుపోతూ ఇంటికొస్తే ఈ మాటలు. ఆమెకు ఒళ్లు మండిపోయేది.

"నాలుగు అంటించవేమే ఆవిడకి? నోరు లేదా నీకు?"

"పోనీలే అమ్మా."

"పైగా ఆ నవ్వొకటి!"

నిజానికి యెసేనియాకు తగవులాడే తీరిక లేదు. పొద్దున క్లాసులు. మధ్యాహ్నం కాలేజీలోనే వెనకబడ్డ పిల్లలకు లెక్కలు చెప్పే ఉద్యోగం.

"ఒకడున్నాడమ్మా, నా ప్రాణానికి," అంది ఓ సాయంత్రం, అన్నంలో బీన్స్ కలుపుకుంటూ. "సగటు అంటే ఏమిటో పదిసార్లు చెప్పాను. పదకొండోసారి కూడా ఆకాశం వంకే చూస్తాడు. మూల బల్ల తప్ప ఇంకెక్కడా కూర్చోడు. అదీ కిటికీకి వీపు పెట్టి. మండే ఎండలో కూడా స్వెట్టర్. అదన్నా తిన్నగా తొడుక్కుంటాడా? తిరగేసి, కుట్లన్నీ బయటికి!"

"అయ్యో పాపం! వాళ్లమ్మ చూసుకోదా?"

"చూసుకుంటుంది. చాలా బాగా చూసుకుంటుంది." యెసేనియాకు పొలమారింది. నీళ్లు తాగి, "వాడూ అదే యూనివర్సిటీకి అప్లై చేశాడమ్మా," అంది.

గ్రసియేలా చేతిలో గరిటె ఆగిపోయింది. "ఉన్న సీట్లే గుప్పెడని నువ్వే అన్నావు. నీకు పోటీ వచ్చేవాడికి నువ్వే చదువు చెబుతున్నావా? మతి ఉందా నీకు?"

"మాటిచ్చానమ్మా. లెక్కల్లో గట్టెక్కిస్తానని ఒకటి, ఎవరికీ చెప్పనని ఒకటి."

గ్రసియేలా నెత్తి కొట్టుకుంది. ఆ వారం మేరీమాత పటం ముందు కూతురి కోసం రోజూ ఒక కొవ్వొత్తి వెలిగించింది. ఆ తిరగేసిన స్వెట్టర్ కోసం మాత్రం వెలిగించలేదు.

ఏప్రిల్ చివరి శుక్రవారం సాయంత్రం ఐదింటికి ఫలితాలు. యెసేనియా ఫోను తల్లి చేతిలో పెట్టి కళ్లు మూసుకుంది. 'అభినందనలు' అన్న మొదటి మాట దగ్గరే గ్రసియేలా భోరుమంది. రెండో మాట ఎవరూ చదవలేదు.

ఇంతలో ఫోను మళ్లీ మోగింది. ఏదో మెసేజ్. యెసేనియా అది చదివి కుర్చీలోంచి ఎగిరి గంతేసింది.

"వాడికీ వచ్చిందమ్మా! నా శిష్యుడికి కూడా!"

"వస్తే వచ్చిందిలే, నా తల్లీ," అంది గ్రసియేలా, కళ్లు తుడుచుకుంటూ. కూతురికి వచ్చింది కాబట్టి ఆ పూట ఎవరికొచ్చినా ఆమెకు అభ్యంతరం లేదు.

అరగంటలో యులేలియా దిగింది. చేతిలో పాల కేకు, వెనకాల కొడుకు. యూనివర్సిటీ పేరు ఛాతీ మీద నిగనిగలాడుతుండగా ఎఫ్రాయిన్ గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

"పోనీలే, దొడ్డిదారినైనా చేరావు," అంది యులేలియా, కుర్చీ లాక్కుని. "మావాడు సింహద్వారంలోంచి వెళ్లాడనుకో, అది వేరే విషయం."

కేకు కోయడానికి తెచ్చిన కత్తిని గ్రసియేలా ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. అది చూసి యెసేనియా మెల్లగా ఆ కత్తి తను తీసుకుంది.

"కొత్తచోటు. తికమకపడతావు. మావాడే నీకు దారీ తెన్నూ చూపిస్తాడులే. రెండేళ్లుగా తిరుగుతున్నాడు, అక్కడి ప్రతి గోడా తెలుసు వాడికి. ఏరా, చూపిస్తావా?"

ఎఫ్రాయిన్ తన బూట్ల వంక చూసుకుంటూ ఊ కొట్టాడు.

యెసేనియా కేకులో పెద్ద ముక్క కోసి, తీసుకెళ్లి అతని చేతిలో పెట్టి, చెవి దగ్గర గుసగుసగా అంది: "ఇక తిరగేసి తొడుక్కోనక్కర్లేదురా, ఇవాళ్టి నుంచి ఆ స్వెట్టర్ నిజంగా నీదే."