మళ్ళీ అవే జవాబులు

ఉదయం పొగమంచు పట్టింది. ఇరాన్‌లో కాయెన్ దగ్గర ఒక ఊళ్ళో ఆడవాళ్ళంతా కుంకుమపూలు వలుస్తున్నారు.

మనసు నిలకడను కొలిచే ప్రశ్నపత్రాన్ని పరిశోధక విద్యార్థిని మహ్‌రూ ఫారసీలోకి మార్చి, పదిహేను రోజుల కిందట వీళ్ళచేతే నింపించింది. ఇప్పుడు మళ్ళీ అడిగినా అవే జవాబులు వస్తే అది నమ్మదగినదని లెక్క. అప్పుడే ఆమెకు పట్టా.

ఇవాళ ముప్పై తొమ్మిదిమంది జవాబుల్లో ఒక్క గీతైనా తేడా లేదు. అదే ఆమెకు భయం పుట్టించింది.

చివరిది పెద్దావిడ తూబాది. అదీ సరిపోయింది.

“ఖాలా, ఇంత బాగా ఎలా గుర్తుంది?”

“గుర్తెందుకు తల్లీ? అవే రావాలని నువ్వేగా అన్నావు, నకళ్ళు రాసి దాచుకున్నాం. ఇంటికొచ్చిన పిల్లను ఓడించి పంపుతామా?”

“మరి మొదటిసారి రాసినవైనా నిజమేనా?”

“మనసు నిలవట్లేదని అతిథితో చెప్పుకుంటామా ఏంటి? చాయ్ చల్లారిపోతోంది, తాగు.”

కాగితాలన్నీ అక్కడే వదిలేసి మహ్‌రూ రెండు గంటల బస్సుకి వెళ్ళిపోయింది.