మొండిఘటం

మూడో తూటాకే తుపాకి మొరాయించింది.

ఖాళీ తూటా బయటికి ఎగరకుండా లోపలే అడ్డం పడింది. కింద నుంచి లేవాల్సిన కొత్త తూటా లేవనేలేదు. డ్రైవరమ్మ ఖాళీ తూటాను వేలితో గిల్లి తీసేసి, తల పట్టుకుని కూర్చుంది.

షూటింగ్ క్లబ్బులో ఆమెను అందరూ డ్రైవరమ్మ అనే పిలుస్తారు. సిటీ బస్సు నడుపుతుంది. ఆమె చేతిలోది ఎప్పుడో యుద్ధంలో వాడిన తుపాకి. సైన్యం అమ్మేస్తుంటే తాతయ్య ముచ్చటపడి కొన్నాడు. క్లబ్బువాళ్లు దానికి పెట్టిన పేరు మొండిఘటం.

ఏటా జరిగే పాత తుపాకుల పోటీలో ఆమె తండ్రి దాంతోనే కాల్చాడు, ఏటా ఓడిపోయాడు. గురి తప్పి కాదు, పాపం. గంట కొట్టేలోపు పది తూటాలు కాల్చాలి. అది సగంలోనే భీష్మించుకు కూర్చునేది.

ఇప్పుడాయనకు చూపు ఆనడం లేదు. తుపాకి కూతురి చేతికొచ్చింది.

"ఈసారి కూడా ఆగిపోతే దాన్ని మ్యూజియానికి ఇచ్చేద్దాం. నా పరువు పోయింది చాలు, నీది కూడా ఎందుకు?" అన్నాడు నాన్న. మ్యూజియంవాళ్లు ఆ మోడల్ కోసం ఏళ్ల తరబడి అడుగుతున్నారు. ఈసారి ఓడితే ఇచ్చేస్తానని వాళ్లకు మాట కూడా ఇచ్చేశాడు.

తాతయ్య తుపాకిని వదులుకోవడం ఆమెకు సుతరామూ ఇష్టం లేదు.

పోటీ ఆ మధ్యాహ్నమే. పొద్దుటి సాధనలోనే తుపాకి ఇలా ఉంది.

క్లబ్బు మెకానిక్ చేయగలిగిందంతా చేశాడు. ఖాళీ తూటాను పట్టుకుని లాగే కొక్కెం మార్చాడు. తూటాలు నింపే మ్యాగజైన్‌లో స్ప్రింగు మార్చాడు. లోపలి జిడ్డంతా కడిగాడు. వేరే కంపెనీ తూటాలు కూడా పెట్టి చూశాడు.

"ఇక నన్ను మార్చడం ఒక్కటే మిగిలిందమ్మా" అన్నాడు.

అప్పుడు వెనక బల్ల మీద నుంచి ఒక పెద్దాయన లేచి వచ్చాడు. పొద్దున్నుంచీ అక్కడే ఉన్నాడు. ఎవరి బంధువో అనుకుని ఎవరూ పట్టించుకోలేదు.

ఒకసారి చూడొచ్చా అని అడిగాడు. డ్రైవరమ్మకు ఒళ్లు మండింది. ఆ క్లబ్బులో ఉచిత సలహాలకు కొదవా! అయినా వయసులో పెద్దవాడు కదా అని తుపాకి అందించబోయింది.

"తుపాకి కాదమ్మా, మీ చెయ్యి చూడాలి."

మందు లేని ఉత్తుత్తి తూటాలు నింపి, కాలుస్తున్నట్టే బోల్టు, అంటే తూటా మార్చే పిడి, లాగమన్నాడు. లాగింది. మళ్లీ అడ్డం పడింది.

పెద్దాయన నవ్వాడు. "నిద్రపోతున్న పసిపిల్ల కింద నుంచి దుప్పటి లాగినట్టు లాగుతున్నారు. ఎవరు నేర్పారు?"

"మా నాన్న."

నేర్పడమంటే అలా ఇలా కాదు. బోల్టు కాస్త టకామంటే చాలు, తాతయ్య వస్తువు, మెల్లిగా అని కసిరేవాడు. ఆ ఇంట్లో గాజు సామానుకు కూడా అంత మర్యాద దక్కలేదు.

పెద్దాయన తుపాకి తిప్పి చూపిస్తూ విడమర్చి చెప్పాడు. బోల్టు చివరిదాకా వెనక్కి వస్తేనే ఖాళీ తూటా అక్కడున్న ఇనుప ముక్కకు తగిలి బయటికి ఎగురుతుంది. చివరిదాకా వస్తేనే కింద నుంచి కొత్తది దాని ముందుకు లేస్తుంది. మీరు వేలెడు దూరం ముందే ఆపేస్తున్నారు, అందుకే పాతది పోదు, కొత్తది రాదు అన్నాడు.

"అరిగిపోతుందేమోనని..." అంది డ్రైవరమ్మ నసుగుతూ.

"యుద్ధంలో బురదలో దొర్లిన తుపాకి ఇది. మీ చేతికి అరుగుతుందా? ఇంతకీ మీరేం చేస్తుంటారు?"

"సిటీ బస్సు నడుపుతాను."

"గేరు సగంలో వదిలేస్తారా మరి?"

డ్రైవరమ్మ నిండు బస్సును ఎత్తురోడ్డు మీద రెండో గేరులోకి లాగినట్టు బోల్టు లాగింది. తూటా ఎగిరి మెకానిక్ టీ గ్లాసులో పడింది.

ఇన్నాళ్లూ రోగం లేనివాడికి మందులు పోశానన్నమాట అని మెకానిక్ పగలబడి నవ్వాడు.

భోజనాల వేళ దాకా పెద్దాయన ఆమెను వదల్లేదు. భుజం మీద నుంచి తుపాకి దించకుండానే బోల్టు లాగడం నేర్పాడు. చప్పుడు రావాలి, మొహమాటపడకండి అంటూ మళ్లీ మళ్లీ లాగించాడు. ఆమె చెయ్యి నొప్పెట్టింది కానీ ఆయనకు విసుగు రాలేదు.

పోటీ మొదలైంది.

మొండిఘటం ఇప్పుడు ఆగుతుంది చూడు అని పక్క వరసలో ఎవరో గొణిగారు. అది ఆగలేదు. ఖాళీ తూటాలు ఒకదాని వెనక ఒకటి ఎగిరి సిమెంటు నేల మీద గలగలా పడ్డాయి. గంట కొట్టేసరికి డ్రైవరమ్మ పదీ కాల్చేసి తుపాకి దించేసింది. చిల్లులన్నీ గురి అట్ట మీది నల్లచుక్క లోపలే ఉన్నాయి. గెలుపు కప్పు ఆమె చేతికిస్తుంటే క్లబ్బంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

జనంలో కూర్చున్న నాన్న తడుముకుంటూ దగ్గరికి వచ్చాడు.

"నాకు వినపడింది. అంత గట్టిగా లాగావా దాన్ని?"

"లాగాను నాన్నా."

"మంచి పని చేశావు తల్లీ. ఇది ఇక ఎక్కడికీ పోదు" అన్నాడు. ఆమెకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

అంతలో పెద్దాయన గుర్తొచ్చాడు. బల్ల ఖాళీగా ఉంది. కప్పు అలాగే చేత పట్టుకుని గేటు దాకా పరుగెత్తింది.

"ఇప్పుడే వెళ్లిపోయాడమ్మా" అన్నాడు కాపలాదారు. "మీరు గెలిచారని తెలిసి నా భుజం తట్టి మరీ వెళ్లాడు."

"అసలు ఎవరాయన? పేరైనా అడగలేదు నేను."

"అదేంటమ్మా, మీకు తెలీదా? ఇవాళ మీరు ఓడిపోతే ఆ తుపాకి తీసుకెళ్దామని పొద్దున్నే పెట్టె పట్టుకొచ్చిన మ్యూజియం ఆయన."