వెడల్పు ఫొటో

"జల్ది చెప్పు, హనుమకొండాయన లైన్ల ఉన్నడు," అన్నాడు మా ఆయన ఉపేందర్, ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టి.

ఆ హనుమకొండాయన దగ్గర ఒకే ధరకు అమ్మే రెండు పాత రీలు కెమెరాలున్నాయి. ఒకటి రీలుకు పన్నెండు చదరపు ఫొటోలు తీస్తుంది. రెండోది తీసేవి వెడల్పువి, కానీ ఎనిమిదే.

"ఏదీ వద్దు," అన్నాను. "ఫోన్ల ఉన్న వేల ఫొటోలు ఎన్నడన్న చూసినవా?"

"నువ్వు జర ఊకో. చదరందే తీసుకుంట."

చిక్కుడుకాయలు తుంచుతున్న అత్తమ్మ తలెత్తింది. "వెడల్పుదే తీసుకో. నేను పోయినంక దండేసే ఫొటో దాంట్లనే తియ్యాలె."

"అత్తమ్మా!"

"ఏందే? పోయినంక నేనొచ్చి చూస్తనా?"

"ఒక్కదానివి, అంత వెడల్పెందుకమ్మా?" అన్నాడు ఉపేందర్.

అత్తమ్మ గోడమీది మామయ్య ఫొటో చూపించింది. ఎవరి పెళ్లిలోనో తీసిన గుంపు ఫొటోలోంచి ఆయన్ను కత్తిరించి పెద్దది చేయించారు. ఆయన భుజం పక్కన ఎర్రటి గుడ్డ ముక్క. రోజూ తుడిచే నేను అది పందిరి తెర అనుకున్నాను.

"ఆ ఎర్రది నా కొంగు. నాయిన ఒక్కడే గావాలని నువ్వే గద నన్ను కోయించినవ్?"

ఉపేందర్ ఫొటో దగ్గరికి వెళ్లి ఆ ఎర్ర ముక్కను చూశాడు.

"నా పక్కన కోడలు కూసుంటది. అట్లనే గోడకు పెట్టుండ్రి."

"దండ నా మెడల గూడ పడ్తది అత్తమ్మా!"

"పడనీ. కోస్తె మాత్రం ఊకోను."

నేను ఉపేందర్ చేతిలోంచి ఫోన్ తీసుకున్నాను.

"అన్నా, ఆ వెడల్పు కెమెరా మాకే ఉంచుండ్రి."