తర్వాత రాసినోడు

“నా పేరు తీసేసి నీ పేరు పెట్టుకున్నవా రా?” హన్నా చెప్పులైనా విప్పకుండా తమ్ముడి మీదికి వెళ్లింది.

ఆకాశ్ బిత్తరపోయాడు. “నేనేం జేసిన అక్కా?”

ఏం చేశాడో ఇల్లంతా వినేలా చెప్పింది.

ఊపిరితిత్తులు పాడై తండ్రి దావీదు బొగ్గుబాయి పని మానేస్తున్నాడు. ఆయన బదులు పిల్లల్లో ఒకరికే ఉద్యోగం. నిన్న ముందుగా “ఆకాశ్ పేరు రాయుండ్రి” అన్నాడు. ఆకాశ్ తన లాప్‌టాప్‌లో దరఖాస్తు నింపాడు. అంతలో తల్లి సువార్త, “పిల్ల పెద్దది, దానికియ్యి” అంది. దావీదు సరేనన్నాడు. ఆకాశ్ కూడా నవ్వుతూ “అక్కకే” అన్నాడు. హన్నా వెంటనే తన లాప్‌టాప్‌లో అదే దరఖాస్తు తెరిచి తన పేరు రాసుకుంది.

అక్కాతమ్ముళ్లిద్దరిదీ ఒకటే ఆన్‌లైన్ ఫోల్డరు; ఎవరి లాప్‌టాప్‌లో రాసినా నెట్ ఉంటేనే అందులోకి ఎక్కుతుంది. అప్పుడు నెట్ లేదు. తర్వాతెప్పుడో వచ్చింది. తీరా ఇవాళ నెట్ సెంటర్లో ప్రింటు తీయబోతే, అందులో ఆకాశ్ పేరు!

“రెండు కాపీలు ఒక్కసారే పైకెక్కినయ్ అక్కా,” సెంటర్ నడిపే ప్రశాంత్ చూసి చెప్పాడు. “ఏది ఆఖర్న రాస్తే గదే ఉంచుతది. ఆకాశ్‌ది నీకన్న తర్వాతి టైము చూపెడ్తాంది.”

ఇంకేం సాక్ష్యం కావాలి? ముందు నవ్వుతూ అక్కకే అనడం, వెనక గోతులు తవ్వడం. హన్నా అక్కడే మళ్లీ తన పేరు పెట్టి దరఖాస్తు పంపించి, ఏడుస్తూ ఇంటికొచ్చింది.

“నీకంటే ముందే రాసిన. తర్వాత ముట్టలే. దేవుని తోడు!” అన్నాడు ఆకాశ్.

“మిషన్ అబద్ధమాడ్తదా? రోజూ పొద్దుగాల నేను లేపకుంటే నువ్వు కాలేజీ మొఖం చూస్తుంటివా? గసొంటి నాకే ద్రోహం జేస్తవా?”

దావీదు కొడుకు ముఖం చూడలేకపోయాడు. డ్యూటీకి లేటు కావద్దని ఎప్పుడో అరగంట ముందుకు తిప్పిపెట్టిన గోడ గడియారం వైపే చూస్తూ, “నా కండ్ల ముందుండకు, పో” అన్నాడు.

ఆకాశ్ లాప్‌టాప్ తెచ్చి అక్క ముందు పెట్టాడు. “ఇది గూడ నువ్వే ఉంచుకో.”

మంచిర్యాల పోయి బట్టల షాపులో చేరాడట. ఫోనెత్తడు.

హన్నాకు ఉద్యోగం వచ్చింది. చర్చిలో అందరూ అభినందించారు. వాడొక్కడే రాలేదు. రాకపోతే పీడా పోయిందనుకుంది కానీ, కళ్లు మాత్రం గుమ్మం వైపే పోయాయి.

డ్యూటీలో చేరే ముందు రోజు, పాత ఫోటో ఒకటి కావాల్సి వచ్చి వాడి లాప్‌టాప్ తెరిచింది. మూలన ఉన్న టైము చూసింది. చేతిలో ఫోను చూసింది. మళ్లీ లాప్‌టాప్ చూసింది. అది అరగంట ముందుంది. వాడు తనకంటే ముందు రాసినా, తర్వాత రాసినట్టే చూపిస్తుంది.

కాలేజీ బస్సు అందక తమ్ముడు రోజూ తిట్లు తింటున్నాడని, బాపు గోడ గడియారాన్ని తిప్పినట్టే, ఈ లాప్‌టాప్ టైమునూ ముందుకు తిప్పిపెట్టింది తనే.